ముందు నూనె, తర్వాత సబ్బు

ఏలియా,
కొడుకు పుట్టాడని యార్డంతా జాంగ్రీలు పంచావు,
సంతోషం.
ఇప్పుడు నీ చేతులు ఇట్టా చూపించు.

గోళ్ళ సందుల్లో ఆ ఎరుపు చూశావా?
తేజ రకం అది. సబ్బుకి లొంగదు.
ముందు నూనె రాయాల, మోచేతుల దాకా.
ఆ తర్వాతే సబ్బు.
అయినా సరే, చొక్కా మార్చకుండా
ఊయల దగ్గరికి పోబాక.
ఆ చొక్కా ఇంట్లో దండేనికి కాదు,
బయట మేకుకి తగిలించు.

నీకు తుమ్మొస్తే ముక్కు తుడుచుకొని పోతావు.
ఇరవై రోజుల ముక్కు, గవ్వంత కూడా ఉండదు,
దానికి తుమ్మటం ఇంకా సరిగ్గా రాదు.

నలభై కిలోల టిక్కీ భుజానికెత్తేవాడివి
మూడు కిలోల వాణ్ణి ఎత్తుకోను భయపడతన్నావంట,
మీ అక్క సలోమి చెప్పి ఒకటే నవ్వు.
భయం మంచిదేరా.
మెడ కింద చెయ్యి పెట్టు.
టిక్కీకి మెడ ఉండదు, వీడికుంది.

మా దీవెన సంగతి చెప్తా. ఎవరికీ చెప్పలా.
దానికప్పుడు ఆరేళ్ళు.
మార్చి నెల, లారీలు కదలక
రాత్రి కూడా మోసిన రోజులు.
ఇంటికొచ్చేసరికి, నా కూలి డబ్బుల్లో వంద నోటు తీసి
కొట్టుకాడ పుల్ల ఐసు కొనుక్కొని
చిల్లర ఎక్కడో పారేసుకొని
"నేను కాదు" అంది,
నాలిక ఎర్రగా పెట్టుకొని.
ఆ నాలిక చూసి నవ్వాల్సింది.
కొట్టా.
ఒక్కటే. చెంప మీద.

చెయ్యి కడుక్కోలేదని
అది కళ్ళు నులుముకున్నాక గాని గుర్తు రాలా.

బిందె ఖాళీ అయిందాకా నీళ్ళు పోశాం.
ఎదురింటి ఖుర్షీద్ గారు ఇంకో బిందె తెచ్చింది.
సంగడిగుంట నుంచి పెద్దాసుపత్రికి ఆటోలో పోతా ఉంటే
ఏమందో తెలుసా?
"నేనే తీశా నాన్నా" అంది.
కళ్ళు రెండూ మూసుకొని
నా చొక్కానే పట్టుకొని.
చొక్కా నిండా కారమే.
వదులమ్మా అంటే వదల్లా.

చూపుకేం కాలా, దేవుడి దయ.
మూడో రోజు మళ్ళీ ఐసు అడిగింది.

పెద్దోళ్ళు ఏం చెప్తారో నాకు తెలవదు.
గుమ్మం బయట ఒక నూనె సీసా పెట్టుకో.
ఆ పది నిమిషాలు
లోపల గిన్నె పడ్డా, చాడీలు వినపడ్డా
అక్కడే నిలబడి రుద్దుకో.
మేస్త్రి తిట్టిన తిట్టు, కాటాలో పోయిన కిలో,
అవి కూడా గోళ్ళలోనే ఉంటాయి.

టీకాల కార్డు రేషన్ కార్డు పక్కన పెట్టు, పోదు.
నీళ్ళ డ్రమ్ము మూత మీద బండ పెట్టు,
వాడు పాకక ముందే పెట్టు,
పాకినాక గుర్తొచ్చి ఏం లాభం?

ఇంకోటి.
తాలుకాయ కనపడగానే పక్కకి విసిరే అలవాటు
నీ వేళ్ళకి అప్పుడే పట్టింది, చూస్తన్నా.
ఇంట్లో ఆ పని చెయ్యబాక.
పక్కింటోడు చూడు, నువ్వు చూడు అని
ఏరటం మొదలెట్టబాక.
తొడిమ చూసి కాయ సంగతి చెప్పొచ్చు.
పిల్లల సంగతి చెప్పలేం.

దీవెనిప్పుడు ఎనిమిదో తరగతి.
నేను సందు మలుపు తిరగ్గానే
సీసా మూత తీసి అరుగు మీద పెడతది.
నేను రుద్దుకుంటా ఉంటే పక్కన కూర్చొని
ఆ రోజు చేసిన తప్పులన్నీ ఒక్కోటీ చెప్తది,
నా చేతులు నూనెలో ఉన్నప్పుడే.
గడుసుది.

మొన్న అడిగింది,
"నువ్వేం చేశావు నాన్నా ఇయ్యాల?" అని.
జవాబు చెప్పటానికి
ఇంకోసారి సబ్బు రుద్దుకోవాల్సొచ్చింది.

సరే, పొద్దుపోయింది, నువ్వు బయల్దేరు.
ఆగు.
ఎడం చేతి చిటికెనవేలు
ఇంకా రుద్దలా నువ్వు.